కితాబు పక్కనే కుట్టుమిషను

'చదువయ్యాక ఏం చేస్తావురా?' అని అడిగితే మన పిల్లలు బిక్కమొహం వేస్తారు. ఇండోనేషియాలో ఈ ప్రశ్న మదరసాల దాకా వెళ్లింది. వాళ్లు వెతుక్కున్న జవాబు మనకూ పనికొచ్చేదే!

మదరసా అనగానే మతపాఠాలే గుర్తొస్తాయి కదూ! అక్కడ సంగతి వేరు. 'మదరసా అలియా' అంటే పది నుంచి పన్నెండో తరగతి దాకా చెప్పే బడి. 1975లో ముగ్గురు మంత్రులు కలిసి ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం మతపాఠాలు కనీసం 30 శాతం, మిగతావి లెక్కలు, సైన్సులాంటివి. సర్టిఫికెట్టుకీ మామూలు బడితో సమానమైన విలువొచ్చింది.

విలువైతే వచ్చింది. మరి కాలేజీ ఫీజు కట్టలేని పిల్లల మాటేమిటి? చేతిలో కాగితం ఉంటుంది, పని ఉండదు. అందుకే కొన్ని అలియాల్లో పాఠాలతోపాటు బట్టలు కుట్టడం, బండ్ల మరమ్మతు, ఎలక్ట్రానిక్స్ నేర్పడం మొదలుపెట్టారు. జావా దీవిలోని కెండల్, గరుట్, జెంబర్‌లలోని ప్రభుత్వ మదరసాలు ఈ దారిలో ముందు నడిచాయి. 2005 నాటి ప్రభుత్వ నిబంధనలైతే జీవన నైపుణ్యాలు నాలుగన్నాయి... తనను తాను దిద్దుకోవడం, నలుగురితో మెలగడం, చదువు, వృత్తి.

కుట్టుపనిలో అంత చదువేముంది అంటారా? కొలత తప్పితే గుడ్డ పాడవుతుంది. అంటే లెక్క రావాలి. విప్పి మళ్లీ కుట్టే ఓపిక కావాలి. కుట్టించుకునేవాళ్లతో మాట్లాడటం తెలియాలి. నాలుగు నైపుణ్యాలూ ఒక్క జాకెట్టులోనే ఉన్నాయి!

చిక్కులూ ఉన్నాయి. అక్కడి మదరసాల్లో పదింట తొమ్మిదికి పైగా ప్రైవేటువే. మిషన్లు కొనాలన్నా, పని నేర్పే మాస్టారికి జీతమివ్వాలన్నా చిన్న బడికి తలకు మించిన భారం. పైగా అమ్మాయిలకు సూది, అబ్బాయిలకు స్పానరు అని గీత గీస్తే సగం దారి అక్కడే మూసుకుపోతుంది. 2019లో ఆ దేశం అమ్మాయిల కనీస పెళ్లి వయసును 16 నుంచి 19కి పెంచింది. చట్టం మూడేళ్లు ఇచ్చింది. ఆ మూడేళ్లలో ఆమె చేతికి ఏ పని అందుతుందన్నదే అసలు ప్రశ్న.

ఇది మనకు కొత్త ముచ్చటేమీ కాదు. చేతిపని ద్వారానే చదువు చెప్పాలని గాంధీజీ 1937లో వార్ధాలో చెప్పారు. తర్వాత మన బళ్లలోనూ వృత్తిపనుల పీరియడు వచ్చింది. ఆ పీరియడులో ఏం నేర్చుకున్నారో ఈ ఆదివారం మీ ఇంట్లో పెద్దవాళ్లని అడిగి చూడండి. వాళ్ల జవాబు విన్నాక, మీ పిల్లల టైంటేబుల్ కూడా ఒకసారి తిరగేయండి!