పేజీ ఒకరిది, పైకం ఒకరిది

సైట్ల యజమానులు ప్రకటనల చోటు అమ్ముకునే సాఫ్ట్‌వేర్‌లోనూ, ఆ బేరాలు సాగే ఎక్స్ఛేంజిలోనూ గూగుల్ చట్టవిరుద్ధంగా గుత్తాధిపత్యం చలాయించిందని అమెరికాలోని వర్జీనియా ఫెడరల్ న్యాయమూర్తి లియోనీ బ్రింకెమా 2025 ఏప్రిల్‌లో తీర్పు చెప్పారు. మిర్చి యార్డులో కాటా, కమీషన్ కొట్టు రెండూ ఒకడి చేతిలోనే ఉంటే రైతుకు మిగిలేదేమిటో మనకు తెలుసు. అయితే చిన్న సైట్లకు జరిగిన అన్యాయం గూగుల్‌తో మొదలవలేదు. ఆ సంస్థ పుట్టకముందే దోపిడీకి దారులు పడ్డాయి.

1994 అక్టోబరు 27న హాట్‌వైర్డ్ అనే అమెరికన్ సైటు ఏటీ అండ్ టీ వంటి కంపెనీల బ్యానర్లను తన పేజీల మీద పెట్టింది. 468 పిక్సెళ్ల వెడల్పు, 60 పిక్సెళ్ల ఎత్తు ఉన్న పట్టీ కొన్నాళ్లకే వెబ్ ప్రకటనకు కొలతగా స్థిరపడింది. కానీ ఆ పట్టీని అమ్మాలంటే సేల్స్ మనుషులుండాలి, కంపెనీలతో పరిచయాలుండాలి, నెలకు లక్షల సంఖ్యలో పేజీలు తెరుచుకోవాలి. రాత్రిళ్లు కూర్చుని పాత పాటల జాబితానో, క్రికెట్ స్కోర్లనో, వంటల పేజీనో తయారుచేసుకున్న మనిషికి ఇవేవీ లేవు. అతనికి ప్రధానంగా మిగిలిన దారులు రెండు: ఉచితంగా చోటిచ్చేవారి దగ్గర చేరడం, లేదా బ్యానర్ల మార్పిడి.

జియోసిటీస్ అనే సంస్థ చోటు ఉచితంగానే ఇచ్చింది, ప్రతిఫలంగా పేజీల మీద తన ప్రకటనలు వేసుకుంది. ఆ పేజీలన్నింటినీ చూపించుకునే 1999లో యాహూకు అమ్ముడుపోయింది. బేరం 350 కోట్ల డాలర్లు దాటింది. ఆ విలువను సృష్టించింది రాసినవాళ్లు, అందులో వాళ్లకు చిల్లిగవ్వ దక్కలేదు. పైగా ఆ వేసవిలోనే యాహూ నిబంధనలు తిరగరాసి, సభ్యులు పెట్టిన రాతల మీదా బొమ్మల మీదా తనకు విస్తృత హక్కులు రాసుకోబోయింది. జనం తిరగబడితే వెనక్కి తగ్గింది. 2009 అక్టోబరులో జియోసిటీస్‌నే మూసేసింది. జియోసిటీస్‌లాగే ఉచితంగా చోటిచ్చిన ట్రైపాడ్‌లోనే పాపప్ ప్రకటన పుట్టింది. సభ్యుల పేజీల్లో అభ్యంతరకరమైన విషయాల పక్కన తమ పేరు కనబడకూడదని ప్రకటనదారులు పట్టుబట్టారు. దాంతో ప్రకటనను విడి కిటికీలో తెరిచారు. దాని కోడు రాసిన ఈథన్ జుకర్‌మన్ 2014లో బహిరంగంగా క్షమాపణ చెప్పుకున్నారు. ప్రకటనదారు ఇబ్బంది తీర్చడానికి పాఠకుడి నెత్తిన ఈ బెడద పెట్టారు. పాఠకుడి విసుగును మాత్రం పేజీ యజమాని భరించాడు.

ఇక మార్పిడి సంగతి. 1996లో మొదలైన లింక్ ఎక్స్ఛేంజి పద్ధతిని కాస్త దగ్గరగా చూడాలి. వాళ్లిచ్చిన నాలుగు వరుసల కోడును మీ పేజీలో అతికించుకుంటే, మీ దగ్గర ఇతరుల బ్యానర్ రెండుసార్లు కనబడినందుకు మీ బ్యానర్ మరెక్కడో ఒకసారి కనబడుతుంది. మిగిలిన సగం కంపెనీది. దాన్ని డబ్బు తీసుకుని ప్రకటనదారులకు అమ్ముకుంది. చోటు ఇచ్చినవారికి ముట్టింది నగదు కాదు, ఖాతాలో అంకెలు. 1998లో మైక్రోసాఫ్ట్ ఆ కంపెనీని 26.5 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. వేలాదిమంది ఇచ్చిన సగం సగం కలిస్తేనే ఆ ధర పలికింది. దీన్ని పరస్పర సహకారం అని ప్రచారం చేయడం మోసం.

మూడో దారీ లేకపోలేదు. అమెజాన్ 1996లోనే కమీషన్ పథకం తెచ్చింది, కానీ మన లింకు మీదుగా వెళ్లినవారు పుస్తకం కొంటేనే డబ్బు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పాఠకులున్న తెలుగు సైటుకు అది అక్కరకు రానిది. అమెజాన్ భారత్‌లో దుకాణం తెరిచిందే 2013లో.

సైట్లలో ప్రకటనలు వేసి యజమానికి వాటా ఇచ్చే గూగుల్ యాడ్‌సెన్స్ 2003లో వచ్చింది. ఒక్క విషయం ఒప్పుకోవాలి: ఎవరినీ బతిమాలకుండా, సేల్స్ మనిషి లేకుండా చిన్న సైటుకు డబ్బు వచ్చే మార్గాన్ని ఇంత విస్తృతంగా తెరిచింది అదే. కానీ ప్రకటనదారు ఇచ్చిన రూపాయిలో యజమాని వాటా ఎంతో ఏడేళ్లపాటు బయటపెట్టలేదు. 2010లో గానీ అది 68 శాతమని చెప్పలేదు. వంద డాలర్లు పోగైతేనే చెల్లింపు. నెలకు మూడు డాలర్లు సంపాదించే పేజీకి తొలి చెక్కు రావడానికి దాదాపు మూడేళ్లు పడుతుంది. ఈలోగా దొంగ క్లిక్కులు పడ్డాయన్న అనుమానం వస్తే ఖాతా మూత. ఏ క్లిక్కు, ఏ రోజు అన్నది చెప్పరు. పోగైన డబ్బు ప్రకటనదారులకు వాపసు. అప్పీలు ఫారం నింపితే రెండు ముక్కల జవాబు. సంజాయిషీ అడిగే హక్కు దినకూలీకైనా ఉంటుంది, ఇక్కడ అదీ లేదు.

తెలుగువారి విషయంలో ఇంతకన్నా ఘోరం జరిగింది. యాడ్‌సెన్స్ ఆమోదించిన భాషల జాబితాలో హిందీ 2014 చివర్లో చేరింది. తెలుగు చేరింది 2018లో. అంటే తెలుగులో రాసిన పేజీకి పదిహేనేళ్లు ఆ తలుపు మూసే ఉంది. సాంకేతిక కారణం అనే సాకు చెల్లదు. తొంభైల్లో ప్రతి పత్రికా తన సొంత ఫాంటు వాడిన రోజుల్లో యంత్రం తెలుగు చదవలేకపోయిందంటే నమ్మవచ్చు. యూనికోడ్ వచ్చాక ఆ మాట అనడానికి వీల్లేదు. 2011లోనే తెలుగును అనువాదం చేయగలిగిన గూగుల్, పక్కన ఒక ప్రకటన వేయడానికి ఇంకో ఏడేళ్లు తీసుకుంది. తెలుగు బ్లాగులు విరబూసింది ఆ పదిహేనేళ్లలోనే. ఊళ్ల చరిత్ర, వ్యవసాయం, పాత కథలు, వైద్యం, వ్యాకరణం ఏ ప్రతిఫలమూ లేకుండా రాసినవాళ్లు ఉద్యోగాలు, పిల్లలు, సర్వర్ బిల్లుల మధ్య ఒక్కొక్కరే మానేశారు. డబ్బు కావాలనుకున్నవాళ్లు ఇంగ్లిష్‌లో సినిమా కబుర్ల వైపు మళ్లారు. తీరా తలుపు తెరిచేసరికి పాఠకులు ఫేస్‌బుక్‌కూ యూట్యూబ్‌కూ తరలిపోయారు. 1998 నుంచి నడుస్తున్న ‘ఈమాట’ లాంటివి నిలబడ్డాయంటే అది కొందరి స్వచ్ఛంద శ్రమ పుణ్యం, మార్కెట్ చలవ కాదు.

నేరం విదేశీ కంపెనీల మీదే వేసి ఊరుకోలేం. చిట్‌ఫండ్‌లు, నగల దుకాణాలు, కార్పొరేట్ కాలేజీలు హోర్డింగులకూ టీవీకీ కోట్లు గుమ్మరించాయి. ఏ తెలుగు సైటు యజమానికైనా ఫోన్ చేసి నెలకు ఎంతిమ్మంటారని అడిగినవి ఎన్ని? కేంద్ర ప్రభుత్వం 2016లో వెబ్‌సైట్లకు ప్రకటనల విధానం రాసినప్పుడు, నెలకు కనీసం రెండున్నర లక్షలమంది పాఠకులు ఉండాలని షరతు పెట్టింది. జిల్లా స్థాయిలో నిజాయితీగా వార్తలు రాసే సైటును ఆ షరతు గడప దగ్గరే ఆపేసింది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సమాచార శాఖలు తమ డిజిటల్ ప్రకటనల బడ్జెట్‌లో కొంత భాగాన్ని స్వతంత్రంగా నడిచే చిన్న తెలుగు సైట్లకు విడిగా కేటాయించాలి. రేట్లనూ ఎంపిక జాబితానూ అందరికీ కనబడేలా పెట్టాలి. ఖాతా మూసేసిన ప్రకటనల సంస్థ కారణమేమిటో ఆధారాలతో లిఖితపూర్వకంగా చెప్పాలని, రుజువు కాని సొమ్ము యజమానికి చెల్లించాలని కేంద్రం చట్టం చేయాలి. మన వ్యాపారులు మధ్యవర్తి లేకుండా నేరుగా సైటు యజమానితో బేరం కుదుర్చుకోవాలి. వచ్చే బడ్జెట్ సమావేశాల్లోనే ఈ విషయం లేవనెత్తాలని రెండు రాష్ట్రాల శాసనసభ్యులను కోరుతున్నాం.