పుండు కనిపించాక దారేది?

పత్తికొండ టమాటా మార్కెట్లో గంపలు మోసే మనిషికి జొన్నరొట్టె నమలడం కష్టమైతే ముందు పంటినొప్పి అనుకుంటాడు. కారం తగిలి బుగ్గ మండితే వేడి చేసిందంటాడు. నోరు రెండు వేళ్లు పట్టేంత కూడా తెరుచుకోని నాటికి పుండు దవడ ఎముకను తాకి, మెడలో గడ్డలు కట్టి ఉండొచ్చు. అప్పుడు కర్నూలు పెద్దాసుపత్రి బస్సెక్కుతాడు.

మొదట్లోనే వస్తే పుండును, దాని చుట్టూ సెంటీమీటరు మేర మంచి కండను కోసి కుట్టేయవచ్చు. ఆలస్యమైతే అదే నోటి క్యాన్సర్‌కు దవడలో ముక్క తీసేయాలి. కాలి ఎముకను తెచ్చి దవడగా మలచాలి, లేదా ఛాతీ కండను పైకి లాగి బుగ్గ పూడ్చాలి. తెరుచుకోని నోట్లోంచి శ్వాస గొట్టం దించడం మత్తు డాక్టరుకే పరీక్ష. ఆ పైన వారానికి ఐదు రోజుల చొప్పున ఆరు వారాలు రేడియేషన్. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకం ఆపరేషన్ ఖర్చు భరిస్తుంది. పోయిన కూలి, తోడొచ్చిన భార్య పోగొట్టుకున్న కూలి ఎవరిస్తారు?

ముందుగా పట్టుకుంటే ఏమవుతుందో కేరళ చూపించింది. తిరువనంతపురం జిల్లాలో శిక్షణ పొందిన కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి నోళ్లు పరీక్షించారు. పొగాకు, మద్యం అలవాటున్నవారిలో నోటి క్యాన్సర్ మరణాలు మూడో వంతు తగ్గాయని 2005లో లెక్క తేలింది. కత్తి విషయంలోనూ సందేహం లేదు. మెడలో గడ్డ చేతికి తగలకపోయినా నోటి ఆపరేషన్‌తోపాటే మెడ గ్రంథులు తీసేస్తే మూడేళ్లకు 80 శాతం మంది బతికున్నారనీ, గడ్డ కనిపించేదాకా ఆగితే 67.5 శాతమేననీ ముంబయి టాటా మెమోరియల్ వైద్యులు 2015లో నిరూపించారు. అసలు మన నోళ్లను లోకం ఎప్పుడో తెరిచి చూసింది. చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని పీల్చే అడ్డపొగ అలవాటున్న మన రాష్ట్రపు పల్లెల్లో 10,169 మంది అంగిళ్లు పరీక్షించి, పరిశోధకుడు పిండ్‌బోర్గ్ బృందం ఆ ఫలితాలను 1971లోనే ప్రచురించింది. చూడనిది మనమే.

ఇప్పుడు ప్రభుత్వం కూడా చూస్తోంది. 2024 నవంబరు నుంచి రాష్ట్రంలో ఇంటింటి క్యాన్సర్ పరీక్షలు మొదలయ్యాయి. మంచి పనే. కానీ టార్చిలైటు వేసి తెల్లమచ్చ కనిపెట్టి, 'కర్నూలు పో' అని చీటీ రాసివ్వడంతో బాధ్యత తీరదు. ఆ చీటీ చొక్కా జేబులో ఉండగానే సుగ్గి వస్తుంది. కుటుంబం గుంటూరు మిరప చేలకు కదిలిపోతుంది.

అందుకే మా మాట స్పష్టం: ఆపరేషన్ తేదీ లేని సర్వేను సర్వేగా లెక్కించకూడదు. ఆదోని ఏరియా ఆసుపత్రిలో వారానికొక రోజు దంతవైద్యుడు, చెవి ముక్కు గొంతు వైద్యుడు కలిసి కూర్చోవాలి. ముక్క అక్కడే తీయాలి, పరీక్షకు కర్నూలు వెళ్లాల్సింది ఆ ముక్కే, రోగి కాదు. వారంలో ఫలితం, దాంతోపాటే ఆపరేషన్ తేదీ చెప్పాలి. పత్తికొండ, ఎమ్మిగనూరు ఆసుపత్రుల నుంచి ఆ రోజుకు రోగులను వాహనంలో పంపాలి. ఆదోని వైద్య కళాశాలను సర్కారే నడపాలా, ప్రైవేటుతో పంచుకోవాలా అన్న తగువు తేలేదాకా బుగ్గలో పుండు ఆగదు, దీనికి కళాశాల అక్కర్లేదు కూడా. ఇక గుట్కా సంగతి. నిషేధాన్ని వెక్కిరిస్తూ పాన్ మసాలా ఒక పొట్లంలో, పొగాకు ఇంకో పొట్లంలో కిళ్లీ కొట్టుకు వేలాడుతున్నాయి. పొగాకు లేకపోయినా వక్క ఒక్కటే క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధన విభాగం 2004లోనే తేల్చింది. దాడులంటే సరిహద్దులో లారీలు పట్టుకుని ఫొటోలు దిగడమేనా?

ఒకటి మాత్రం ఈ సుగ్గికి ముందే జరగాలి. మచ్చ కనిపించిన ప్రతి మనిషి పేరూ ఆ ఊరి ఏఎన్ఎం దగ్గర ఉండాలి. అతను గుంటూరు పోతే ఆ పేరు కూడా గుంటూరు పోవాలి. అక్కడి ప్రభుత్వాసుపత్రిలోనూ క్యాన్సర్ విభాగం ఉంది.