ఫిర్యాదు గడప దాటాలి
నేరం ఎక్కడ జరిగినా ఏ పోలీస్ స్టేషన్‌లోనైనా సమాచారం ఇవ్వొచ్చని 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత చెబుతున్నందున, వన్యప్రాణుల వేటపై ఫిర్యాదు చేయడానికి వచ్చినవారిని ‘అది ఫారెస్టు వాళ్ల పని’ అంటూ తిప్పి పంపడం ఇక ఎంతమాత్రం చెల్లదు. సోదా చేసే, అరెస్టు చేసే అధికారాన్ని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 50వ సెక్షన్ ఎస్సై, ఆపై స్థాయి పోలీసులకు కట్టబెట్టింది. ఇక్కడ జాప్యమంటే సాక్ష్యం చేజారడమే: అడవిపంది కోసం పొలం గట్టున పరిచిన కరెంటు తీగను తెల్లవారేసరికి చుట్టేస్తారు, కళేబరం మాయమవుతుంది, మరో రాత్రి అదే తీగకు చిరుతో, నీళ్లు పెట్టడానికి వెళ్లిన రైతో బలి కావచ్చు. అలాగని పోలీసుల కేసు ఒక్కటే న్యాయస్థానంలో నిలవదు. 55వ సెక్షన్ ప్రకారం సాధారణంగా అధీకృత అటవీ అధికారి ఫిర్యాదు తప్పనిసరి. అందుకే 112కు ఫోన్ రాగానే ఎస్సై, అటవీ రేంజ్ అధికారి, విద్యుత్ సిబ్బంది కలిసి బయల్దేరాలి. పంచనామా అక్కడే పూర్తిచేసి, నమూనాలను హైదరాబాద్ సీసీఎంబీకి చెందిన లాకోన్స్ ప్రయోగశాలకు వెంటనే పంపాలి. అన్నిటికంటే ముందు, సమాచారం ఇచ్చిన మనిషి పేరు బయటికి పొక్కకూడదు. వేటగాళ్లున్న ఊళ్లోనే ఆయనా బతకాలి.