ముక్కాలు మువ్వీసము

అరయును పావును కలిసిన నెంత యగునని సంతోష్‌నగరులో ఆరవ తరగతి చదువుచున్న యొక బాలుని అడిగితిమి. అతడు పుస్తకము తెరచి 1/2, 1/4 అని వ్రాసి, పైయంకెలను పైనను, క్రిందియంకెలను క్రిందను కూడి, 'టూ బై సిక్స్' అని బదులు చెప్పెను. ఆరింట రెండనగా మూడవవంతు. అరకు పావు చేర్చగా అరకంటె తక్కువ మిగిలినదన్న మాట! ఆ సాయంకాలమే యా బాలుడు మాదన్నపేట మండీలో తండ్రి బండికడ నిలిచి, అరకిలో రాతిని పావుకిలో రాతిని తక్కెడలో నొక్కచో నుంచి, ముప్పావుకిలో టమాటాలు తూచి యిచ్చుట చూచితిమి. తూకములో తప్పు లేదు. వెలకట్టుటలో తప్పు లేదు. చిల్లర యిచ్చుటలో తప్పు లేదు.

ఒకే బాలుడు సంతలో నేర్పరియు బడిలో మూఢుడును అగుట యెట్లు? అతనికి లెక్క రాదనుట అబద్ధము. వచ్చిన లెక్కను బడి గుర్తింపకున్నది. అతడు పుట్టినది మొదలు వినుచున్న మాటలను గుమ్మము వెలుపల విడిచి రమ్మని, లోపల మరియొక మాటను చేతబెట్టినారు. ఆ మాట పేరు 'ఫ్రాక్షన్'.

ఈ నగరములో ఈ మాటకు చిత్రమైన చరిత్ర కలదు. 1917లో అనువాదశాలయు, 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయమును నెలకొల్పబడి, శాస్త్రములన్నియు ఉర్దూలో బోధింపబడిన కాలమున తాతగారు నేర్చినది 'కసర్'. భాషారాష్ట్ర మేర్పడిన పిదప తెలుగుబడిలో తండ్రి నేర్చినది 'భిన్నము'. నేడు మనుమడు నేర్చుచున్నది 'ఫ్రాక్షన్'. మూడు తరములకు మూడు మాటలు. అర్థము మాత్ర మొక్కటియే. అరబ్బీలో 'కస్ర్' అనగా విరుగుట. సంస్కృతమున భిద్ ధాతువునుండి పుట్టిన భిన్నము పగిలినది. లాటినున 'ఫ్రాంగెరె' అనగా విరుచుట. దానినుండి వచ్చినదే ఫ్రాక్షన్. పైయంకెకు మనము వాడు లవమను పేరు సైతము కోయుటను దెలుపు ధాతువునుండి వచ్చినదే. పండితు లందరును భిన్నమును విరిగిన సంఖ్యగనే చూచినారు. విరిగినదానిని చూచి బిడ్డ భయపడుటలో వింత యేమున్నది?

తెలుగుసంత అట్లు చూడలేదు. దానికి భాగము ముక్క కాదు, పేరుగల నిండువస్తువు. నాలుగుకాళ్ల పశువును చూచి నాల్గవవంతును కాలనెను. మూడు వంతులను ముక్కాలనెను. పదునారవ వంతు వీసము. అందులో నాల్గవవంతు కాని. రూపాయకు పదునా రణాలున్న దినములలో అణా రూపాయలో వీసము, బేడ యెనిమిదవ వంతు, పావలా నాల్గవవంతు. మెట్లవలె నొకదానిపై నొకటి నిలుచు కొలమానము! నేటికిని ఏదైన నించుమించు పూర్తిగా జరిగినదని చెప్పుటకు 'ముక్కాలు మువ్వీసము' అని యందుము. అనగా పండ్రెండు వీసములును మూడు వీసములును కలిసి, పదునారింట పదునైదు. సమచ్ఛేదము చేసి కూడుట యను పాఠము నోటిమాటలోనే యిమిడియున్నది. అక్షరమెరుగని అవ్వ పలుకు పలుకుబడిని అక్షరము లెరిగిన మనుమడు లెక్కింపజాలకున్నాడు.

మాటలకూర్పులో సైతము భేద మున్నది. 'నాలుగింట మూడు' అన్నప్పుడు ముందు నాలుగు సమభాగములు కన్నులయెదుట నిలుచును. పిదప అందులో మూడు చేత చిక్కును. 'త్రీ బై ఫోర్' అన్నప్పుడు రెండంకెలు, నడుమ నొక గీత. అంతకుమించి ఏమియు కనబడదు. కనబడనివానిని బాలుడు తోచినట్లు కూడినాడు. మండీలో 'పౌన్ కిలో, సవా కిలో, డేఢ్ కిలో, ఢాయీ కిలో' అని దక్కనీలో పిలుచు ముసల్మాను బాలునికిని బడిలో నిదే గతి పట్టినది. కనుక ఇది తెలుగువారికిని ఉర్దూవారికిని నడుమ తగవు కాదు. ఇంటి మాటకును బడి మాటకును నడుమ తెగిన వంతెన.

మనకు గణితమే లేకుండెనా యన్నచో, 9వ శతాబ్దిలో మహావీరాచార్యుడు గణితసారసంగ్రహమున భిన్నములకు 'కలాసవర్ణ' మను ప్రత్యేక ప్రకరణమును రచించెను. కళ యనగా పదునారవ వంతు, మన వీసమే! 11వ శతాబ్దిలో పావులూరి మల్లన ఆ గ్రంథమును తెలుగుపద్యములలోనికి దెచ్చెను. గణితము తెలుగున నిలువదని చెప్పువారికి ఇది తొమ్మిది శతాబ్దుల నాటి సమాధానము. తెలుగులెక్కలలో వాడిన భిన్నచిహ్నము లేడింటికి 2008లో యూనికోడునందు స్థానము లభించినది. యంత్రము వానిని గుర్తించినది; మన పిల్లలలో వానిని గుర్తింపగలవా రెందరు?

'అణాలు 1957 ఏప్రిల్ 1తో పోయినవి. పావలా నాణెము సైతము 2011 జూన్ 30తో చెల్లకపోయెను. చచ్చిన నాణెములకు ఈ శోకమేల?' అని కొందరు పరిహసింతురు. మేము నాణెములకొరకు శోకించుట లేదు. దశాంశమానము మేలైనదే, దానిని వలదను వెర్రి మాకు లేదు. కాని నాణెము చచ్చినను మాట చావలేదు. నూటికి నెలకు పావలావడ్డీ యన్నచో సంవత్సరమునకు నూటికి మూడని పొదుపుసంఘములలోని స్త్రీ లెరుగుదురు. పేరుగల భాగము మనసున నిలుచును. దానిని పునాదిగా జేసికొని పైన నూటపాళ్లను, దశాంశములను కట్టవచ్చును. పునాదిని త్రవ్విపారవైచి గోడ నిలువలేదని కూలివానిని నిందించుట యేమి న్యాయము?

ఇది పరీక్షలో నాలుగు మార్కుల వ్యవహారము కాదు. 'రెండురూపాయల వడ్డీయే కదా' యని వేలిముద్ర వేసినవాడు ఏడాదికి నూటికి ఇరువదినాలుగు చెల్లించుచున్నాడు. 'ఐదురూపాయల వడ్డీ'కి తలయొగ్గినవాడు అరువది చెల్లించుచున్నాడు. తెలంగాణమున గుంట ఎకరములో నలుబదవ వంతు, అనగా 121 చదరపు గజములు. కోస్తాలో సెంటు నూరవ వంతు, అనగా 48.4 గజములు. ఈ తారతమ్య మెరుగనివాడు కొనునది నేలయో గాలియో! బిడ్డలుగల ముస్లిము వితంతువునకు భర్త యాస్తిలో ఎనిమిదవ వంతు, బిడ్డలు లేనిచో నాల్గవ వంతు ధర్మశాస్త్ర మేర్పరచినది. హిందూ ఉమ్మడి కుటుంబమున కుమార్తెకు కుమారునితో సమభాగమును ఆంధ్రప్రదేశము 1986లో శాసించెను. 2005లో దేశమంతయు ఆ బాట పట్టినది. శాసనము భాగము నిచ్చును. ఆ భాగ మెంతయో లెక్కించుకొను శక్తిని ఇయ్యవలసినది బడి. ఆ శక్తి లేనిచోట అన్నదమ్ములు చూపిన కాగితమే శాసనమగును, వడ్డీవర్తకుడు చెప్పినదే గణితమగును.

2022-23 విద్యాసంవత్సరమునుండి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో ఒకటవ తరగతి మొదలు ఎనిమిదవ తరగతివరకు ఆంగ్లమాధ్యమము ప్రవేశపెట్టబడినది. పేదవాని బిడ్డయు ఆంగ్లము నేర్వవలెననుట న్యాయమైన కోరిక. ధనికుల బిడ్డలను ఆంగ్లపుబడులకు పంపుచు పేదలకు మాతృభాషను గూర్చి నీతులు చెప్పువారి పక్షమున మేము లేము. కాని ఆంగ్లము నేర్పుట వేరు, తెలిసినదానిని మరపించుట వేరు. మేము కోరునది స్వల్పము. భిన్నముల తొలిపాఠమునకు ముందు ఉపాధ్యాయుడు తరగతిలోనికి తక్కెడను తేవలెను. పావు, అర, ముప్పావు, కిలోంబావు, కిలోన్నర యని బిడ్డలచేతనే పలికింపవలెను. పాత బస్తీలో పావ్, ఆధా, పౌన్, సవా యనియు పలుకనిండు. పిమ్మట నాలుగింట మూడని చెప్పి, అటుపిమ్మట గీతయు అంకెలును వ్రాసి, కడపట ఫ్రాక్షనను పేరు పెట్టినచో ఏ బిడ్డయు 'టూ బై సిక్స్' అనడు. దీనికి కొత్త నిధులు వలదు, కొత్త సంఘములు వలదు; బిడ్డ నోటిలోని మాట జ్ఞానమేనని అంగీకరించు వినయము చాలును.

తండ్రులారా, తల్లులారా! విద్యాధికారులు మేల్కొనువరకు మీరు వేచియుండ నక్కరలేదు. ఈ దినమే మీ బిడ్డను సంతకు వెంటబెట్టుకొని పొండు. ముప్పావుకిలో వెల వానిచేతనే కట్టింపుడు. రొట్టెను తుంచి పంచునపుడు ఎవరికెన్నవ వంతో వానినే అడుగుడు. మన లెక్కలమాటలలో ముక్కాలు మువ్వీసము ఇప్పటికే మరపున బడినవి. మిగిలిన వీసమునైనను బిడ్డలచేత బెట్టుదము.