మిగిలిన 13 రోజులు

2022లో గోదావరి వరద బాధితుల పరామర్శకై కోనసీమకు వచ్చిన ముఖ్యమంత్రికి, గౌచర్ వ్యాధిగ్రస్తురాలైన ఒక చిన్నారి గోడు వినబడింది. ప్రభుత్వం ఖరీదైన ఇంజెక్షన్లు సమకూర్చింది. హర్షణీయమే. అయితే ఈ వ్యాధిలో ఎంజైమును సాధారణంగా రెండు వారాలకొకసారి నరంలోకి ఎక్కిస్తారు. ఆ ఒక్కరోజు ఆసుపత్రిది. మిగిలిన 13 రోజులు తల్లివి. ప్లీహం పెరిగిన కడుపుకు దెబ్బ తగలకుండా కాచేదీ, ముక్కునుండి రక్తం కారితే ఆపేదీ, ఎముకల నొప్పికి బిడ్డ ఏడిస్తే రాత్రంతా మేల్కొనేదీ ఆమే. రక్తస్రావాన్ని పెంచే ఆస్పిరిన్ ఇవ్వరాదని ఆమెకు ఎవరు చెప్పాలి? మందుతోపాటు తల్లికి శిక్షణ, ఇంటికి వచ్చే నర్సు కూడా వైద్యంలో భాగమేనని నా దృఢాభిప్రాయం. పాఠకులారా! మీ వీధిలో అటువంటి బిడ్డ ఉంటే జాలిమాటలు చాలించండి. ఆ బిడ్డను చూసుకొనే తీరు తల్లినడిగి నేర్చుకొని, ఒక పూట ఆమెను నిద్రపోనివ్వండి.