అడుక్కోవడం కాదు, అడగడం నేర్వాలి

ఒకప్పుడు మన అర్జీ కరణం రాసేవాడు. ఇవాళ చాట్‌జీపీటీ రాస్తోంది. శ్మశానం దారి మూసేశారని మా పేటోళ్లు దాన్ని 'అర్జీ రాయి' అని ఊరికే అడిగారు. 'దయతో కనికరించండి' అని రాసిచ్చింది! యంత్రం ముందు కూడా మనం చేతులు కట్టుకోవాలా?

అన్నలారా, అక్కలారా! ఏ తేదీన, ఎక్కడ, ఎట్లా అడ్డుకున్నారు, ఏమని తిట్టారు, సాక్షులెందరు, అర్జీ ఎవరికి - అన్నీ విడమరచి చెప్పండి. పేర్లు మాత్రం తర్వాత మీ చేత్తో రాసుకోండి. 'బతిమాలొద్దు, 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు కట్టమని రాయి' అనండి. ఎస్సీ, ఎస్టీలను శ్మశానం వాడుకోనివ్వకపోవడం నేరమని 2015 సవరణలోనే ఉంది. యంత్రం లేని సెక్షన్లు కూడా పుట్టిస్తుంది. చట్టం పుస్తకం తెరిచి సరిచూడండి.

రాతపని యంత్రానిది. మాట మనది. జై భీమ్!