క్యూ చూసి ఓటు చెప్పేవారు

ఎన్నికలు వచ్చాయంటే చాలు, దువ్వూరు టీ కొట్ల దగ్గర కూడా ఒక మాట వినబడుతుంది: "ఆడవాళ్లు బారులు తీరారు, డబ్బు ఇచ్చినవాళ్లదే గెలుపు." ఇది పల్లెలో పుట్టిన మాట కాదు. పట్నం విశ్లేషకులు చెప్పగా టీవీల్లోంచి మన దాకా వచ్చింది.

2019 ఏప్రిల్ 11న పొద్దుపోయేదాకా మహిళలు క్యూలో నిలబడితే, అదంతా పసుపు–కుంకుమ పదివేల మహిమ అన్నారు చాలామంది. తెలుగుదేశానికి 175లో 23 స్థానాలే వచ్చాయి. పోనీ, ఆ లెక్క అంతటితో మూలన పడిందా? లేదు. 2024 మే 13న మళ్లీ అవే బారులు. ఈసారి అమ్మఒడి, చేయూత అన్నారు. ఖాతాల్లో జమైన సొమ్ము లెక్కగట్టారు. వై.ఎస్.ఆర్. కాంగ్రెస్‌కు 11 మిగిలాయి. ఉమ్మడి కడప జిల్లాలో 2019లో పదికి పది గెలిచిన ఆ పార్టీకి మూడే దక్కాయి. మన మైదుకూరు కూడా చేజారింది.

పింఛను తీసుకున్న అవ్వ కూడా పొలం పాసుపుస్తకం మీద ముఖ్యమంత్రి బొమ్మ ఎందుకని అడగగలదు. కేసీ కాలువ నీళ్ల సంగతీ, పసుపు ధర సంగతీ ఆమెకు తెలుసు. ఆమెను ఒక్క మాటైనా అడగకుండా మనసు తేల్చి చెప్పడం ఏం పాండిత్యమో!

నష్టం మాత్రం మనకే. డబ్బుకే ఓట్లు పడతాయని నాయకులు నమ్మితే, కాలువకు నీళ్లు ఎప్పుడు వదులుతారని అడిగే రైతుకు వారు జవాబు చెప్పరు. వచ్చే ఎన్నికలకైనా విశ్లేషకులు పోలింగు కేంద్రం గేటు వదిలి, నాలుగు రోజులు ముందుగా కాలువ గట్టున తిరగాలి.